కప్పుకు జోడీ కుక్కా, క్యాటా? విశాఖ పిల్లల ఫోనిక్స్ చదువులో తొలి ధ్వని చిక్కు

సంక్షిప్తంగా: మాట మొదట్లో వినిపించే ధ్వనిని విడిగా పట్టుకోగలగడం చదవడానికి అవసరమైన తొలి నైపుణ్యాల్లో ఒకటి. తెలుగు లిపి నేర్చుకునే పిల్లలకు ఆ ధ్వని మొత్తం అక్షరం. అక్షరాల పేర్లకు బదులు వాటి ధ్వనులతో చదువు నేర్పే ఇంగ్లీషు ఫోనిక్స్ అడిగేది ఆ అక్షరంలోని హల్లును మాత్రమే. ఈ తేడాను దాటించకుండా నేరుగా ఇంగ్లీషు ధ్వనుల్లోకి దింపడం వల్ల సరిగ్గా విన్న పిల్లలకు కూడా తప్పు మార్కులు పడుతున్నాయి. ఇంటి మాటలతో మొదలుపెట్టి, గుణింతం మీదుగా ఇంగ్లీషుకు వెళ్ళడమే వీరికి దగ్గరి దారి.

యూకేజీ వర్క్‌షీట్‌లో ఎడమవైపు కప్పు బొమ్మ ఉంటుంది. కుడివైపు కుక్క, పిల్లి, బంతి, చేప. ‘కప్’ ఏ ధ్వనితో మొదలవుతుందో అదే ధ్వనితో మొదలయ్యే బొమ్మకు సున్నా చుట్టాలి. వర్క్‌షీట్ తయారుచేసినవారు ఆశించేది పిల్లి, అంటే క్యాట్. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట వినని పిల్లవాడు కుక్కకు సున్నా చుడతాడు. టీచర్ ఇంటు పెడతారు.

ఇక్కడ పిల్లవాడి చెవి తప్పు చేయలేదు. కప్పు, కుక్క రెండూ ఒకే హల్లుతో మొదలవుతాయి. పైగా ‘క’, ‘కు’ అనే రెండు వేర్వేరు అక్షరాల్లో ఉమ్మడిగా ఉన్న ‘క్’ ధ్వనిని అతను పట్టుకున్నాడు. ఫోనిక్స్ నేర్పాలనుకునేది సరిగ్గా ఆ పనే. బొమ్మ పేరు వేరే భాషలో తట్టింది, అంతే. ‘ఇదేంటి కన్నా?’ అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ ఇంటు పడేది కాదు. మా అబ్బాయికి ఫోనిక్స్ రావట్లేదని తల్లిదండ్రులు పడే టెన్షన్‌లో చాలా భాగం ఇలాంటి చోటే పుడుతుంది.

ఫోనిక్స్ ఇంత వేగంగా ఎందుకు వచ్చింది

అక్షరాల పేర్లకు బదులు అవి పలికే ధ్వనులతో చదువు మొదలుపెట్టడం ఇంగ్లీషు దేశాల్లో పాత వాదమే. 2000లో అమెరికాలో చదవడం నేర్పే పద్ధతులపై అధ్యయనాలను పరిశీలించిన నేషనల్ రీడింగ్ ప్యానెల్ నివేదిక, 2006లో ఇంగ్లండ్‌లో అదే విషయంపై ప్రభుత్వం చేయించిన రోజ్ సమీక్ష దానికి బలం ఇచ్చాయి. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో ఏడాది పిల్లలందరికీ ఫోనిక్స్ పరీక్ష కూడా పెడుతున్నారు. అక్కడ తయారైన జాలీ ఫోనిక్స్ వంటి పద్ధతులు మన ప్రైవేటు స్కూళ్ళకు, అపార్టుమెంట్ల కింద నడిచే ట్యూషన్లకు చేరాయి. ఎం.వి.పి. కాలనీలోనైనా, గాజువాకలోనైనా, మధురవాడలోనైనా ప్లేస్కూల్ వెతికే తల్లిదండ్రులు ఫోనిక్స్ చెబుతారా అని అడగడం ఇప్పుడు మామూలైపోయింది.

ప్రభుత్వ బడుల దారి వేరు. 2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ళ వయసును పునాది దశగా గుర్తించి, వీలైన చోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలంది. 2021లో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. ఇదే కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోకి ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అంటే ఐదారేళ్ళ పిల్లవాడి ముందు ఒకేసారి రెండు లిపులు తెరుచుకుంటున్నాయి. రెండింటిలో ధ్వనిని రాసే పద్ధతి ఒకటి కాదన్న సంగతి మాత్రం వాడికి ఎవరూ చెప్పడం లేదు.

రెండు లిపులు, రెండు కొలతలు

ఇంగ్లీషులో 26 అక్షరాలు ఉన్నాయి, ధ్వనులు మాత్రం సుమారు 44. ‘సన్’ అనే మాటలో మూడు ధ్వనులు, మూడు అక్షరాలు. మొదటి అక్షరం ‘స్’ అనే హల్లును మాత్రమే సూచిస్తుంది, అచ్చుకు వేరే అక్షరం ఉంది. తెలుగులో ‘సున్నం’ రాస్తే ‘సు’ ఒకే అక్షరం. హల్లు, అచ్చు కలిసిపోయి కంటికీ ఒకటే, నోటికీ ఒకటే. ‘సున్నం మొదట్లో ఏం వినిపించింది?’ అని అడిగితే తెలుగు పిల్లవాడు ‘సు’ అంటాడు. తెలుగు లెక్కలో అది నూటికి నూరుపాళ్ళు సరైన జవాబు. ఇంగ్లీషు ఫోనిక్స్ లెక్కలో అందులో ఒక అచ్చు ఎక్కువైంది.

ఊరి పేర్లలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మధురవాడ, మల్కాపురం ఒకే ధ్వనితో మొదలవుతాయని పిల్లలు తొందరగానే చెబుతారు, రెండింటికీ ‘మ’ అక్షరమే కాబట్టి. గాజువాక, గోపాలపట్నం సంగతి అడిగితే చాలామంది కాదంటారు. వారి చెవికి ‘గా’ వేరు, ‘గో’ వేరు. రెండింటిలోనూ ‘గ్’ ఉందని తెలియాలంటే అక్షరాన్ని చీల్చాలి. విశాఖ, వైజాగ్ కూడా అంతే. ఒకే ఊరి రెండు పేర్లు, ఒకే హల్లుతో మొదలు, అయినా ‘వి’, ‘వై’ ఒకటేనని ఒప్పుకునే పసివాడు అరుదు.

చెవి ఏ వయసులో దేన్ని పట్టుకుంటుంది

పిల్లలు మాటను ముందు అక్షరాలుగా విడగొడతారు, విడి ధ్వనులు ఆ తర్వాతే. పరిశోధకురాలు ఇసబెల్ లిబర్మన్ బృందం 1974లో ప్రచురించిన ప్రయోగంలో అమెరికా పిల్లలను మాటలోని ముక్కలు ఎన్నో కర్రతో బల్లమీద కొట్టి చూపమన్నారు. నాలుగేళ్ళవారిలో దాదాపు సగం మంది అక్షరాలంతటి ముక్కలను సరిగ్గా లెక్కపెట్టారు. విడి ధ్వనులను ఒక్కరూ లెక్కపెట్టలేకపోయారు. ఐదేళ్ళవారిలో 17 శాతం మందికి విడి ధ్వనులు దొరికాయి. చదవడం మొదలుపెట్టిన ఆరేళ్ళవారిలో ఆ సంఖ్య 70 శాతానికి పెరిగింది.

ఈ ఎదుగుదల వయసుతో మాత్రమే వచ్చేది కాదు, లిపితోనూ వస్తుంది. 1979లో పోర్చుగల్‌లో జోసె మొరైస్, సహచరులు చదవడం రాని పెద్దలను పరీక్షించారు. మాట మొదటి హల్లును తీసేసి మిగిలింది చెప్పమంటే వారిలో ఎక్కువమంది చెప్పలేకపోయారు. పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవారు చెప్పగలిగారు. 1986లో చైనాలో విడి ధ్వనులను చూపని సంప్రదాయ లిపి మాత్రమే తెలిసిన పెద్దలకూ ఇదే ఇబ్బంది కనిపించింది. పిన్‌యిన్ అనే ధ్వని లిపి కూడా నేర్చినవారికి ఆ ఇబ్బంది రాలేదు. మన పొరుగు భాష కన్నడంలో సోనాలి నాగ్ చేసిన పరిశోధన చూపింది కూడా ఇదే: అక్షర లిపి నేర్చుకునే పిల్లల్లో అక్షరంమీద పట్టు ముందు వస్తుంది, విడి ధ్వని స్పృహ నెమ్మదిగా వస్తుంది. తెలుగు లిపి నిర్మాణమూ అలాంటిదే.

అందుకే యూకేజీలో ‘గాజువాక’ మొదటి ధ్వని ‘గా’ అన్న పిల్లవాడిని వెనకబడినట్టు లెక్కగట్టడం అన్యాయం. తన లిపి చూపించిన కొలతతో వాడు కొలిచాడు.

అక్షరం పేరు ఒకటి, పలుకు ఒకటి

తెలుగులో అక్షరం పేరే దాని ధ్వని. ‘మ’ను ‘మ’ అనే పిలుస్తాం, మామిడిలోనూ మల్లెలోనూ అదే వినిపిస్తుంది. ఇంగ్లీషులో ఈ భరోసా లేదు. ‘బి’ పేరు మొదట్లో దాని ధ్వని ఉంది. ‘ఎఫ్’, ‘ఎల్’, ‘ఎమ్’, ‘ఎన్’, ‘ఎస్’ పేర్లలో ధ్వని చివర్లో దాక్కుంది. ‘డబ్ల్యూ’ పేరులో దాని ధ్వనే లేదు. ‘వై’ పేరు ‘వ’తో మొదలవుతుంది, ఆ అక్షరం ఇచ్చే ధ్వని మాత్రం ‘య్’. ధ్వని పేరు మొదట్లో ఉన్న అక్షరాలను పిల్లలు తేలిగ్గా నేర్చుకుంటారనీ, చివర ఉన్నవి దాని తర్వాతనీ, అసలు లేనివి అన్నిటికన్నా కష్టమనీ రెబెకా ట్రైమన్ పరిశోధనలు తేల్చాయి. తెలుగు నోట్లో పడ్డాక ఈ చిక్కు ఇంకాస్త ముదురుతుంది.

‘ఏ ఫర్ యాపిల్’ తీసుకోండి. అక్షరం పేరు ‘ఏ’. మాట మాత్రం మన నోట ‘యా’తో మొదలవుతుంది. చెవితో విన్న తెలుగు పిల్లవాడు యాపిల్‌ను యాక్ పక్కన పెడితే తప్పెలా అవుతుంది? ‘ఓ ఫర్ ఆరెంజ్’లో పేరు ‘ఓ’, పలుకు ‘ఆ’. ‘యూ ఫర్ అంబ్రెల్లా’లో పేరు ‘యూ’, పలుకు ‘అ’. ‘వి ఫర్ వ్యాన్’, ‘డబ్ల్యూ ఫర్ వాచ్’ రెండూ మనకు ‘వ’తోనే. ‘జె ఫర్ జగ్’, ‘జడ్ ఫర్ జీబ్రా’ రెండూ ‘జ’తోనే. ఈ జంటలను పిల్లలు చెవితో వేరుచేయలేరు, ఎందుకంటే చెప్పే టీచర్ నోట కూడా అవి వేరుగా రావు. ఇలాంటి అక్షరాలను తొలి నెలల్లో పక్కన పెట్టి, పలుకులో గందరగోళం లేని ‘ఎమ్’, ‘ఎస్’, ‘బి’, ‘పి’ వంటివాటితో మొదలుపెట్టడం మేలు.

మన వర్ణమాలలోనూ ఇలాంటి మూలలు కొన్ని ఉన్నాయి. ‘ణ’, ‘ళ’లతో మొదలయ్యే మాటలు తెలుగులో వాడుకలో లేవు. అందుకే వాచకాల్లో ‘ణ’ దగ్గర వీణ బొమ్మ ఉంటుంది. తొలి ధ్వని ఆటలో ఆ కార్డు వస్తే పిల్లవాడు ‘వీ’ అనడమే సబబు. ‘ఋషి’ని మనం పలికేది ‘రుషి’ అని. రుషికొండను బోర్డుమీద ఎలా రాసినా చెవికి అది రొయ్య, రైలు జాబితాలోకే వెళ్తుంది.

ఉత్తరాంధ్ర నోటిలో మొదటి ధ్వని

విశాఖలో ఈ విషయానికి మరో పొర ఉంది. పుస్తకం రాసే తొలి ధ్వని, ఇంట్లో వినిపించే తొలి ధ్వని చాలా మాటల్లో ఒకటి కావు. ఈ ప్రాంతపు పలువురి వాడుకలో ఇ, ఈ, ఎ, ఏ అచ్చుల ముందు ‘వ’ జారిపోతుంది. వీధి ‘ఈది’ అవుతుంది, విను ‘ఇను’ అవుతుంది, వెళ్ళు ‘ఎల్లు’ అవుతుంది. విజయనగరం ‘ఇజీనారం’, ఊరి పేరే ‘ఇశాపట్నం’. పెదజాలారిపేట ఇంట్లో నాయనమ్మ దగ్గర పెరిగిన పాప ‘వీధి’ బొమ్మ చూసి మొదటి ధ్వని ‘ఈ’ అంటే, తాను రోజూ విన్నదాన్ని నిజాయితీగా చెప్పిందన్నమాట. దాన్ని తప్పు అనడానికి ముందు ఆమె నోట ఆ మాట ఒకసారి పలికించి వినాలి.

అదే ‘వ’ పక్కన అ, ఆ ఉంటే జారదు. వాన, వంకాయ, వల, వంజరం అందరి నోటా ‘వ’తోనే మొదలవుతాయి. కాబట్టి ‘వ్’ ధ్వని నేర్పడానికి వీధి, వేడి, వెలుగు కన్నా వాన, వల సరైన మాటలు. ఇది చిన్న ఎంపికే కానీ, సగం తరగతికి పాఠం అర్థం కావడం, కాకపోవడం దీనిమీద ఆధారపడి ఉంటుంది.

ఇటుపక్క తీసివేత ఉన్నట్టే అటుపక్క చేర్పూ ఉంది. ఎలుక చాలామంది నోట ‘యెలుక’, ఒంటె ‘వొంటె’. ఎగ్ ‘యెగ్గు’. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల మొదట్లో రెండు హల్లులు కలిసి ఉంటే ముందు ఒక ‘ఇ’ చేరుతుంది, లేదా ఒక హల్లు పోతుంది: స్కూలు ‘ఇస్కూలు’, స్టేషన్ ‘టేషను’. ఒత్తులూ అంతే. భీమిలి, బీచ్ రెండూ ‘బీ’తోనే వినిపించే ఇళ్ళు ఎన్నో. ‘శ’, ‘స’ కలిసిపోయే ఇళ్ళూ ఉన్నాయి.

యాసను దిద్దడం వేరే పాఠం. తొలి ధ్వని పాఠంలో దాన్ని కలిపేస్తే పిల్లలు నేర్చుకునేది ఒక్కటే: నా చెవిని నేను నమ్మకూడదు అని. అలా నేర్చుకున్న పిల్లలు వినడం మానేసి టీచర్ మొహం చూసి జవాబు ఊహిస్తారు. యాసను ఎగతాళి చేయడం వల్ల కలిగే నష్టాల్లో ఇది పైకి కనిపించనిది, ఎక్కువకాలం ఉండేది.

నగరంలో మరో రకం పిల్లలూ ఉన్నారు. నేవీ, స్టీల్‌ప్లాంట్, రైల్వే ఉద్యోగాలతో వచ్చిన కుటుంబాల్లో ఒడియా, హిందీ, బెంగాలీ ఇంటి భాషలు. ఒకే బొమ్మకు ఒకే తరగతిలో మూడు పేర్లు వస్తాయి. అందుకే బొమ్మల ఆట మొదలుపెట్టే ముందు ప్రతి బొమ్మ పేరూ అందరితో కలిసి ఒకసారి పలికించడం తప్పనిసరి.

తెలుగులోనే ఉన్న మెట్లు

అక్షరం నుంచి విడి ధ్వనికి దిగే దారి తెలుగులో లేదనుకోవడం పొరపాటు. గుణింతం ఆ దారే. క, కా, కి, కీ, కు, కూ అన్నప్పుడు హల్లు కదలదు, అచ్చు మాత్రమే మారుతుంది. తలకట్టు, గుడి, కొమ్ము మారుతున్నా అడుగున ఉన్నది ఒకటే అని కంటికి కూడా కనిపిస్తుంది. ఇంగ్లీషు లిపి ఇవ్వలేని సౌకర్యం ఇది. కాకపోతే గుణింతాన్ని ఏకబిగిన వల్లె వేయించడమే మన అలవాటు. ‘కా, కి, కూ అన్నీ ఏ ధ్వనితో మొదలయ్యాయి?’ అని మధ్యలో ఆపి అడిగితే అదే పాఠం ఫోనిక్స్ అవుతుంది. పొల్లు గుర్తు తర్వాతి మెట్టు: అచ్చు తీసేస్తే మిగిలేది ‘క్’.

తెలుగు పద్యం కూడా ఈ కొలతలమీదే నిలబడింది. యతి నియమం పాదం మొదటి అక్షరానికి, యతిస్థానంలోని అక్షరానికి మైత్రి కోరుతుంది. హల్లు కలవాలి, అచ్చూ కలవాలి. ప్రాస నియమం పాదాల రెండో అక్షరంలో హల్లు ఒకటిగా ఉంటే చాలంటుంది, అచ్చు మారినా ఫరవాలేదు. అంటే అక్షరాన్ని హల్లుగా, అచ్చుగా విడదీసి వినడం తెలుగు చెవికి వందల ఏళ్ళ అలవాటు. యూకేజీ పిల్లలకు ఛందస్సు చెప్పనక్కర్లేదు. వారి టీచర్లకు మాత్రం ఈ సంగతి గుర్తుచేస్తే, ఫోనిక్స్ ఎక్కడి నుంచో ఊడిపడ్డ విద్య అన్న బెరుకు పోతుంది.

తరగతిలో పని ఎలా సాగితే మంచిది

ముందు చప్పట్లు. గా-జు-వా-క నాలుగు చప్పట్లు, ఆ-రి-లో-వ నాలుగు, భీ-మి-లి మూడు. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు ఇది చాలు. తర్వాత ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు: మధురవాడ, మల్లె, మజ్జిగ. దీని తర్వాతే హల్లు ఒకటి, అచ్చు వేరు: సింహాచలం, సీతమ్మధార, సముద్రం, సొరచేప, లేదా కంచరపాలెం, కైలాసగిరి, కూర్మన్నపాలెం. ఆర్టీసీ బస్సులో వెళ్తూ కండక్టర్ అరిచే స్టాపుల పేర్లతో కూడా ఈ ఆట ఆడించవచ్చు. కార్డులు కొననవసరం లేదు.

ధ్వనులను ఎంచుకునే క్రమానికి శరీర ధర్మం ఒకటి కారణం. స్, మ్, న్, ల్ వంటివాటిని ఊపిరి ఉన్నంతసేపు సాగదీయవచ్చు. ‘మ్‌మ్‌మ్...మామిడి’ అంటే మొదటి ధ్వని పిల్లల చెవిలో నిలుస్తుంది. క్, ట్, ప్, బ్ అలా సాగవు. వాటిని విడిగా పలకబోతే వెనకాల ‘అ’ వచ్చి చేరుతుంది. టీచర్ ‘బ, అ, ట’ అని చెబితే పిల్లలు కలిపేది ‘బట’ అనే, ‘బ్యాట్’ అని కాదు. తెలుగు టీచర్లకు ఈ ‘అ’ వదలడం కష్టం, ఎందుకంటే మన హల్లు పేరులోనే అది ఉంది. అందుకని సాగే ధ్వనులతో మొదలుపెట్టి, ఆగే ధ్వనులను నాలుగైదు మాటల వరుసలో వినిపించాలి: బంతి, బావి, బెల్లం, బొమ్మ.

చెవి ఆట ఎన్నాళ్ళు? నేషనల్ రీడింగ్ ప్యానెల్ చూసిన అధ్యయనాల్లో మొత్తం 5 నుంచి 18 గంటల శిక్షణ ఇచ్చినవే ఎక్కువ ఫలితం చూపాయి. రోజుకు పది నిమిషాల లెక్కన అది 30 నుంచి 108 బడి రోజులు. చిన్న బృందాలుగా, ఒకటి రెండు నైపుణ్యాలమీదే దృష్టి పెట్టి, ధ్వనితోపాటు అక్షరాన్ని కూడా చూపించినప్పుడు లాభం ఎక్కువ. కాబట్టి ఏడాదంతా నోటి ఆటలే ఆడించడమూ సరికాదు, తొలిరోజే జాలీ ఫోనిక్స్‌లోని 42 ధ్వనుల చార్టు గోడకు తగిలించి కంఠస్థం చేయించడమూ సరికాదు. ఆ చార్టును గడగడా అప్పజెప్పే పిల్లవాడిని ‘మామిడి’లో మొదట ఏం వినిపిస్తోందని అడిగి చూడాలి. చెప్పలేకపోతే వాడు నేర్చింది ధ్వనులు కాదు, ఒక పాట.

ఇంగ్లీషుకు వచ్చే లాభం, కొన్ని హద్దులు

తెలుగులో సంపాదించిన ధ్వని స్పృహ వృథా పోదు. మాటను చీల్చి వినడం ఒక భాషలో వస్తే రెండో భాషకు చాలావరకు పనికొస్తుంది, కొత్తగా నేర్వాల్సింది ఆ భాషకే చెందిన ధ్వనులు, స్పెల్లింగులు. మామిడి నుంచి మ్యాంగో, మంకీ, మ్యాట్‌కు వెళ్ళడం ఒక అడుగు మాత్రమే. ముందే ఇంగ్లీషుతో మొదలుపెడితే పిల్లలు ఒకేసారి తెలియని మాట, తెలియని ధ్వని, తెలియని అక్షరం మూడింటితో కుస్తీ పడాలి. ఇంగ్లీషు మీడియం స్కూళ్ళకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది. తెలుగు మాటలతో రోజూ పది నిమిషాలు గడపడం ఇంగ్లీషుకు పెట్టే పెట్టుబడే.

హద్దులూ ఉన్నాయి. తొలి ధ్వని వచ్చినంత మాత్రాన చదవడం వచ్చేయదు. ధ్వనులను కలపడం, మాటల అర్థం తెలియడం, రోజూ కథలు వినడం వేరే పనులు. నాలుగేళ్ళకు రాలేదని కంగారుపడాల్సిందీ లేదు. ఆరేళ్ళు దాటాక, ఇంటి భాషలోనే, తెలిసిన మాటల్లోనే మొదటి అక్షరం కూడా పట్టుకోలేకపోతుంటే ముందు చెవులు పరీక్ష చేయించాలి. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి మందగించడం మామూలే. అలాంటి పిల్లలు పెద్ద శబ్దాలకు తిరిగి చూస్తారు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. స్, ఫ్, త్ వంటి బలహీనమైన ధ్వనులు మాత్రం వారికి సరిగా అందవు. వినికిడి బాగానే ఉంది, కొన్ని నెలల సాధన తర్వాత కూడా ఇబ్బంది తగ్గలేదంటే అప్పుడు స్పీచ్ థెరపిస్టునో, అభ్యసన సమస్యలు చూసే నిపుణులనో కలవాలి. వారి దగ్గరికి వెళ్ళేటప్పుడు పిల్లవాడు ఇంట్లో ఏ భాష, ఏ యాస వింటాడో ముందుగా చెప్పాలి. లేకపోతే ‘ఈది’ అన్న జవాబు అక్కడ కూడా తప్పుల ఖాతాలోనే పడుతుంది.